పట్టీ బిగిసినప్పుడు

నోరు మూసుకోవాలట, అదీ అరగంటకోసారి, అదీ ఈ మనిషి, ఆసుపత్రిలో నర్సమ్మ ఆ మాట అనగానే నాకు నవ్వు ఆగక దగ్గు వచ్చినట్టు నటించాల్సి వచ్చింది, ఎడమ జబ్బకి బీపీ చూసే నల్ల పట్టీ చుట్టి, దాన్నుంచి సన్నటి గొట్టం చొక్కా లోపలి నుంచి దింపి, నడుముకి చిన్న పెట్టె కట్టి, సార్, రేపు ఇదే వేళ దాకా ఇది మీతోనే ఉంటుంది, స్నానం వద్దు, విప్పొద్దు, రోజూ చేసే పనులన్నీ చేసుకోండి, పట్టీ బిగుసుకున్నప్పుడు మాత్రం చెయ్యి కదపకూడదు, మాట్లాడకూడదు, మాట్లాడితే లెక్క తప్పి కాసేపటికి మళ్ళీ బిగుస్తుంది అని ఆమె చెబుతుంటే, మా ఆయన తన అలవాటు కొద్దీ, తల్లీ, కర్టెన్లు అమ్ముకునేవాణ్ణి, మాట్లాడకపోతే ఎలా బతకను అని జోకు వేశాడు, ఆమె నవ్వింది, అందరూ నవ్వుతారు, ఈ మనిషి ఎక్కడికెళ్ళినా అంతే, రెండు నిమిషాల్లో ఎదుటివాళ్ళని బుట్టలో వేసుకుంటాడు.

డాక్టరు మాత్రం నవ్వలేదు, ఆమధ్య ఈయన కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్తే కళ్ళ డాక్టరు లోపలి రక్తనాళాలు చూసి మీకు బీపీ ఉండి తీరాలి అన్నాడు, ఇక్కడేమో ఎన్నిసార్లు చూసినా పెళ్ళికొడుకులా బుద్ధిగా ఉంటోంది, కొంతమందికి మమ్మల్ని చూస్తే పెరుగుతుందమ్మా, వాళ్ళకి ఊరికే మందులు ఇస్తే కళ్ళు తిరిగి పడిపోతారు, మీవారిది తిరగబడిన కేసేమోనని నా అనుమానం, ఇక్కడ దాక్కుంటుంది, బయట ఎక్కడో లేస్తుంది, ఎక్కడ లేస్తుందో తెలియాలంటే రోజంతా వెంట ఉండాలి, నిద్రలో తగ్గుతోందో లేదో కూడా చూడాలి, తగ్గకపోతే గుండెకి చేటు అన్నాడు, నేను తల ఊపుతూ కూర్చున్నాను, దాక్కోవడం గురించి డాక్టరు నాకు చెప్పాలా, ఈ మనిషితో కాపురం చేస్తున్నదాన్ని.

షాపుకి వచ్చీ రాగానే తమాషా మొదలైంది, ముందు భాగం ఆయనది, శాంపిల్ గుడ్డలు, రాడ్లు, వచ్చేవాళ్ళకి కుర్చీలు, వెనక సగం నాది, కుట్టు మిషను, కత్తిరించే బల్ల, ఇస్త్రీ పెట్టె, మధ్యలో నడుమెత్తు గోడ, ఒకావిడ పడగ్గది కిటికీకి వెలుతురు రాకుండా ఆపే చీకటి గుడ్డ కావాలని వచ్చింది, ఈయన మాట మధ్యలో ఉండగా పట్టీ గుర్రుమని బిగుసుకుంది, ఆపకుండా అలాగే వాగాడు, పెట్టె కుయ్యిమంది, కాసేపటికి మళ్ళీ బిగుసుకుంది, మళ్ళీ వాగాడు, మూడోసారి జబ్బ నొప్పెట్టి నోరు మూసుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు, ఆవిడ భయపడి, ఏమైందండీ మీ ఆయనకి అని నన్నడిగింది, ఏం లేదండీ, కాస్త నోటికి విశ్రాంతి అన్నాను, నా జీవితంలో ఈ మనిషి ముందు ఒక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పడం అదే మొదటిసారేమో, అప్పుడు వచ్చింది నాకా ఆలోచన.

తరువాతిసారి పట్టీ బిగిసే వేళకి షాపులో ఎవరూ లేరు, నేను పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టాను, కుట్టేది నేను, మా పనితనం అని చెప్పుకునేది మీరు, ఇన్నేళ్ళలో ఒక్కరికైనా ఇది మా ఆవిడ పని అని చెప్పారా అన్నాను, చెప్పి హాయిగా చూశాను, ముఖం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది, మూసుకుంది, చెయ్యి కదపకూడదు కదా, పట్టీ ఊపిరి వదలగానే, ఇదెక్కడి గోలే పొద్దున్నే అని, పెట్టె నా వైపు తిప్పి, ఎంతుందో చూడు, జోడు లేక నాకు కనపడి చావట్లేదు అన్నాడు, నర్సమ్మ అంకె చూసుకోవద్దంది గానీ ఈయన ఆగుతాడా, చూశాను, పొద్దుటికంటే కాస్త ఎక్కి ఉంది, బాగానే ఉంది అన్నాను, కడుపు చల్లబడింది.

ఇలాంటివి చిల్లర, అసలుది వేరే ఉంది, అది అక్క సంగతి, నాకు కుట్టు నేర్పిన అక్క, గుండుసూదులు పెదాలతో పట్టుకోవడం నేర్పిన అక్క, సూదులు నోట్లో ఉండగా నవ్వించి చంపేది, అప్పట్లో ఆసుపత్రిలో ఉంది, తగ్గుతోంది అనుకున్నాం, ఆ రోజు హోటలు వాళ్ళ ఆర్డరు, గదులన్నిటికీ కర్టెన్లు, సాయంత్రానికల్లా ఇవ్వాలి, నేను పొద్దుట్నుంచీ కూనిరాగం తీస్తూ అంచులు మడిచి కుడుతున్నాను, కూనిరాగం తీశానని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది, ఆఖరి కర్టెను ఇస్త్రీ చేశాక ఈయన వచ్చి, ఇప్పుడే ఫోనొచ్చింది, మీ అక్కకి బాగాలేదట, బయల్దేరు అన్నాడు, వెళ్ళేసరికి అక్క లేదు, మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది, బావ నాతో మాట్లాడలేదు, చాలా రోజుల తర్వాత ఒక్కటే మాట అడిగాడు, పొద్దున్నే ఫోను చేసి చెప్పాను కదమ్మా, మీ ఆయనకే చెప్పాను, చెల్లి వచ్చిందా వచ్చిందా అని అడుగుతూనే ఉంది, ఆర్డరు అంత ముఖ్యమా నీకు, అన్నాడు, ఇంటికొచ్చి ఈయన్ని అడగలేదు, అక్క పేరెత్తితే చాలు, పాపం మీ అక్క, ఎంత మంచిది, ఇదిగో ఆ నీలం గుడ్డ వచ్చిందా అంటూ మాటల వరద పారిస్తాడు, ఆ వరదలో నా మాట ఎటు కొట్టుకుపోయేదో, అడగని మాట నోట్లోనే సూదిలా ఉండిపోయింది, నాకు తెలుసని ఈ మనిషికి తెలియదు, పిచ్చిదాన్నని అనుకుంటున్నాడు.

ఇవాళ దొరికాడు. భోజనాలయ్యాక కత్తిరింపు బల్ల దగ్గర కొలతలు చెబుతుండగా పట్టీ గుర్రుమంది, సూదులు తీశాను, తొందరపడలేదు, మా అక్క గురించి ఫోను పొద్దున్నే వచ్చింది, సాయంత్రం కాదు, బావ నాకు చెప్పాడు, మీ హోటలు కర్టెన్ల కోసం నా అక్కని నాకు కాకుండా చేశారు, అన్నాను, ఒక్క మాట కూడా తడబడలేదు, ఎన్నేళ్ళ నుంచి కుట్టుకున్న మాటలో, పట్టీ బిగుసుకుంటోంది, ఆయన చెయ్యి బల్ల మీదే ఉంది, కళ్ళు నేల మీద, ఎగరాలి ఇప్పుడు అంకె, ఎగిరి ఆ పెట్టె పగలాలి, రేపు డాక్టరు చూసి హడలిపోయి జన్మంతా మందులు రాయాలి, ఉప్పూ కారం లేని కూడు తినాలి ఈ మనిషి, ప్రతి ముద్దకీ నా అక్క గుర్తుకు రావాలి, పట్టీ వదిలింది, వంగి చూశాను, పొద్దుటికంటే తక్కువ ఉంది.

తక్కువ, ఒళ్ళు మండిపోయింది, నా గుండె చీల్చి చూపిస్తే ఈ మనిషికి జోల పాడినట్టుందా, అంత రాయా, అంకె ఎంతో కూడా అడగలేదు, లేచి ముందుకెళ్ళి సర్ది ఉన్న శాంపిల్ గుడ్డలే మళ్ళీ సర్దాడు, నేను మిషను తొక్కాను, కుట్టు వంకర పోయింది, విప్పాను, మళ్ళీ కుట్టాను, ఎవరో వచ్చి తెర ఎంతని అడిగితే ఈయన ఒక్క ముక్కలో ధర చెప్పాడు, బేరమాడలేదు, వాళ్ళు వెళ్ళిపోయారు, మళ్ళీ పట్టీ బిగిసే వేళవుతుండగా గోడ దాటి నా వైపు వచ్చాడు, ముక్కాలిపీట లాక్కుని నా ఎదురుగా కూర్చుని, ఎడమ చెయ్యి బల్ల మీద చాపి, అరచెయ్యి వెల్లకిలా పెట్టి, అలాగే ఉన్నాడు, పట్టీ ఇంకా బిగియలేదు, ఎవరూ చెప్పకుండానే నోరు మూసుకుని కూర్చున్నాడు.

వినడానికి వచ్చాడు, మిగతాది కూడా అనిపించుకుంటే తీరిపోతుందని, తిట్లు తిని లేచి చేతులు కడుక్కుందామని, నాకు మాట నాలిక చివరి దాకా వచ్చింది, చెల్లి వచ్చిందా అని అడుగుతూనే ఉందట, ఆ మాట, అదొక్కటే ఇంకా చెప్పలేదు, పట్టీ గుర్రుమంది, నేను బల్ల మీద సూదులు ఒక్కొక్కటే ఏరి పెదాల మధ్య పెట్టుకున్నాను, కుచ్చు మడిచి సూది గుచ్చాను, ఇంకో కుచ్చు మడిచాను, ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు, పట్టీ బిగుసుకుంటూనే ఉంది, నుదుటి మీద చెమట పోసింది, ఏదైనా అనవే అన్నట్టు చూస్తున్నాడు, నేను ఇంకో సూది గుచ్చాను, పట్టీ వదిలింది, వంగి చూశాను, ఇవాళ చూసినవాటిల్లో అన్నిటికంటే పెద్ద అంకె.

ఇదా అది లేచే చోటు, డాక్టరు గారూ, ఈ మనిషి కళ్ళల్లో నరాలు చెడేదాకా వెనక సగం షాపులో నేను సూదులు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను, నాకు తెలుసని ఈయనకి ఎప్పుడో తెలుసు, ఏ రోజు నోరు తెరుస్తానోనని, ఆ సందు దొరక్కుండా ఇన్నేళ్ళూ వాగాడు, వచ్చినవాళ్ళందర్నీ నవ్వించాడు, నేనేమో నా మాట విననివ్వడం లేదని కుమిలిపోయాను, నా మౌనం నాకు శిక్ష అనుకున్నాను, అనుభవిస్తున్నది ఈయన, రాత్రి నిద్రలో తగ్గాలట, ఈ రాత్రి నా పక్కనే పడుకుంటాడు, తగ్గుతుందో లేదో నా చేతుల్లో ఉంది, ఎంతుందోయ్ అని అడిగాడు, మళ్ళీ అడిగాడు, నేను నోట్లోంచి సూదులు తీయలేదు.