ఆధారం: మా బాల్కనీ

పెళ్ళయి నలభై రెండు రోజులు. సైనిక్‌పురిలోని ఆ కాలనీకి కాపురానికొచ్చిన సుధకి ఇంకా ప్రతిదీ ముద్దుగానే ఉంది. స్టీలు డబ్బాల మీద కొత్తగా చెక్కించిన రెండు పేర్లు, భర్త తిరుమల్ చొక్కాతో పాటు ఒకే హ్యాంగర్‌కి వేలాడే తన చున్నీ, రెండో అంతస్తు బాల్కనీలోంచి కనిపించే గేటు, గేటు పక్కన లచ్చమ్మ ఆకుకూరల బండి. లచ్చమ్మ తెల్లవారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళి కట్టలు తెచ్చి, ఏడింటికల్లా బండి మీద గోనెపట్టా పరిచి నీళ్ళు చిలకరించేది. "కొత్త పెళ్ళికూతురా, పాలకూర ఇయ్యనా, గోంగూర ఇయ్యనా?" అని ఆమె కిందినుంచి కేకేస్తే, కాలనీ మొత్తం తననే పిలిచినట్టుండేది సుధకి.

ఆ బండిని గేటు దగ్గర్నుంచి తీసేయించాలని కొందరు పట్టుబట్టారు. ఇలాంటి తగువులకి ఆ కాలనీలో మీటింగు పెట్టరు. ఒకప్పుడు పెట్టేవారట, కుర్చీలు విరిగాయట. అప్పటినుంచి ఏ వాదమైనా రాతలోనే. రీడింగ్ రూమ్ బోర్డు మీద ఇటొక కాగితం, అటొక కాగితం వారం రోజులుంటాయి. ఆదివారం ఇంటికో చీటీ వేస్తారు. బోర్డు కింద పాత బిస్కెట్ డబ్బా ఒకటుంది. ఎవరు ఏ పుస్తకం మాట, ఏ రూలు మాట ఎత్తినా దాని నకలు ఆ డబ్బాలో వెయ్యాలి. శనివారం సాయంత్రానికి వెయ్యకపోతే, రీడింగ్ రూమ్ చూసుకునే ప్రేమమణి ఎర్ర పెన్సిల్‌తో ఆ వాక్యం కొట్టేస్తుంది.

బండి ఉండాలని సుధ రాసింది. అంబులెన్స్ మలుపుకి అడ్డమని, అక్కడ వద్దని బ్రహ్మచారి అనే పెద్దాయన రాశాడు. ఆయన సైన్యంలో రికార్డుల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి.

సుధ కాగితంలో అందరూ మెచ్చుకున్న వాక్యం ఒకటుంది. కోసిన ఆకుకూరలో ఒక్క రోజులో సగం సత్తువ పోతుందని, అందుకే పొద్దున తెచ్చింది పొద్దునే కొనుక్కోవాలని. కింద ఒక వ్యవసాయ పత్రిక పేరు, సంచిక, నూట పద్నాలుగో పేజీ అని ఉంది. అది తిరుమల్ కానుక. మిగిలిపోయిన శుభలేఖ వెనక రాసి, సాయంత్రం మల్లెపూల పొట్లంతో పాటు చేతిలో పెట్టాడు. ఆ గుండ్రటి అక్షరాలు చూసి మురిసిపోయిందే తప్ప, పత్రిక తెరిచి చూద్దామని సుధకి తోచనేలేదు.

బుధవారం రీడింగ్ రూమ్‌లో బ్రహ్మచారి డబ్బా మూత తీసి, లోపలికి తొంగి చూసి, సుధ వైపు తిరిగాడు.

"ఈ నూట పద్నాలుగో పేజీ లేదేందమ్మా?"

"పేరూ పేజీ రాశాను కదండీ అంకుల్. కావలసినవాళ్ళు చూసుకుంటారు."

"ఏందీ, రాసుడు నువ్వు, ఉరుకుడు నేనా? నా మోకాళ్ళకు తక్లీఫ్ కాదా?"

"మరి మీరో? గేటుకి యాభై అడుగుల్లోపు బండి పెట్టకూడదని రూలుందన్నారు. అదేదీ డబ్బాలో?"

"గా రూలు అందరికి ఎరుకే."

ప్రేమమణి రిజిస్టరులోంచి తలెత్తింది. "ఈ కాగితాలు నూట ఇరవై ఇళ్ళవాళ్ళు చదువుతారు. వాళ్ళంతా వెతుక్కోవాలా, రాసిన ఒక్కరు వెతికి పెట్టాలా? ఇద్దరికీ శనివారం దాకా టైముంది. పెన్సిల్ చెక్కి పెట్టుకున్నా."

తిరిగొస్తుంటే గేటు దగ్గర లచ్చమ్మ ఆపింది. "నీ కాయితం గెలుస్తదా బిడ్డా? ఈ జాగ పోతే నేను మెయిన్ రోడ్డు అవతల నిలబడాలె. ఆడిదాకా గీ ముసలోళ్ళు ఎట్ల వస్తరు?"

"గెలుస్తుంది లచ్చమ్మా. నా దగ్గర పేజీ నంబరు కూడా ఉంది."

సాయంత్రం మొగుడూపెళ్ళాలిద్దరూ లాప్‌టాప్ ముందు తలలు ఆనించి కూర్చున్నారు. పత్రిక దొరికింది. సంచిక దొరికింది. నూట పద్నాలుగో పేజీలో టర్కీ కోడిపిల్లలకి ఏ దాణా పెట్టాలో ఉంది. సుధ పడీ పడీ నవ్వింది. తిరుమల్ నవ్వలేదు.

"నువ్వు ఈ పేజీ ఎక్కడ చూశావు?"

"చూడలే. ఫోన్‌ని అడిగిన. పేజీ నంబరుతోని చెప్పేసరికి నిజమే అనుకున్న. నువ్వు ఖుష్ అయితవని..." అని ఆగిపోయాడు. "నువ్వన్నా చూడాల్సింది."

"నువ్విచ్చావని చూళ్ళేదు."

కుక్కర్ మూడో కూత కూస్తే సుధ లేచి కట్టేసి వచ్చింది. మిగతా సంచికలు కూడా తిరగేశారు. ఆకుకూరల మీద వ్యాసం ఒకటి కనబడింది గానీ, అందులో సగం అనీ లేదు, ఒక్క రోజనీ లేదు. ఏ ఆకు, ఎంత ఎండ, ఎంత చల్లదనం అన్నదాన్ని బట్టి ఉంటుందని మాత్రం ఉంది.

"ఒక పని చేద్దామా?" అన్నాడు తిరుమల్ మెల్లగా. "మొత్తం సంచిక ప్రింట్ తీసి డబ్బాల పడేద్దాం. రెండొందల పేజీలు ఎవలు తిప్పుతరు?"

సుధకి ఒక్క క్షణం అది బాగానే అనిపించింది. రోడ్డు అవతల, లారీల దుమ్ములో లచ్చమ్మ బండి కళ్ళముందు కదిలింది.

"రికార్డుల గదిలో పనిచేసినాయన. తిప్పుతారు," అంది. మళ్ళీ తనే, "తిప్పకపోయినా నా వల్ల కాదు. ఆ టర్కీ కోళ్ళు రోజూ గుర్తొస్తాయి" అంది.

"అయితే నా పేరు రాయి. తప్పు నాదే."

"సంతకం నాది. నీకు వేరే శిక్ష ఉందిలే. వారం రోజులు టీ నువ్వే పెట్టాలి."

మర్నాడు ఏడింటికి తిరుమల్ పెట్టిన టీ తాగుతూ బాల్కనీలో నిలబడింది. కింద ఒకరి వెనక ఒకరు వస్తున్నారు, కర్ర ఊనుకుంటూ కొందరు. రోజూ చూస్తున్నదే. లోపలికి పరిగెత్తి పెన్నూ కాగితం తెచ్చుకుని, కొన్నవాళ్ళకి మనిషికో గీత పెట్టడం షురూ చేసింది.

మధ్యాహ్నం రీడింగ్ రూమ్‌కి వెళ్ళి, ప్రేమమణి చేతిలోంచి ఎర్ర పెన్సిల్ అడిగి తీసుకుని, తన వాక్యం తనే కొట్టేసింది. పక్కన రాసింది: "ఆ పేజీలో ఈ మాట లేదు. చూడకుండా రాశాను." దాని కింద ఇంకో వాక్యం: "గురువారం ఏడు నుంచి ఎనిమిది దాకా లచ్చమ్మ దగ్గర కొన్నవాళ్ళు ముప్పై ఒక్కరు. అందులో కర్ర పట్టుకొచ్చినవాళ్ళు తొమ్మిది మంది. వీళ్ళు మెయిన్ రోడ్డు దాటలేరు. ఆధారం: మా బాల్కనీ, రెండో అంతస్తు. ఎవరైనా వచ్చి లెక్క చూసుకోవచ్చు. టీ ఇస్తాం." గీతలు పెట్టిన కాగితం డబ్బాలో వేసింది.

శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం సరిగ్గా ఏడింటికి బెల్ మోగింది. నోటుబుక్కుతో బ్రహ్మచారి.

"ఆధారం చూడనీకొచ్చిన."

తిరుమల్ టీ తెచ్చాడు. ముగ్గురూ రెయిలింగ్ దగ్గర నిలబడ్డారు. సుధ మళ్ళీ గీతలు పెట్టసాగింది.

"ఆగు, ఆగు. ఆమెను రెండుసార్లు రాసినవు. కొత్తిమీర మరిచిపోయి మళ్ళొచ్చింది," అన్నాడు ఆయన.

సుధ నాలిక్కరుచుకుని ఒక గీత కొట్టేసింది. "గురువారం కూడా ఆవిడ అలాగే వచ్చారండీ. అయితే ఆ రోజు ముప్పయ్యే."

"రాసుకో. గా ఆకుపచ్చ స్వెటర్ ఎవరు?"

"మీ ఇంటావిడే కదండీ. గురువారం తొమ్మిదో కర్ర ఆవిడదే."

బ్రహ్మచారి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ఆన్‌లైన్ల తెప్పిస్తున్న అని నాతోని చెప్పిందే! నేను వాకింగ్ పోంగనే గీడికొస్తున్నదా?"

తిరుమల్ నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయాడు. ఆయన టీ అంతా తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"యాభై అడుగుల రూలు కోసం నిన్న రెండు జాగలు తిరిగిన. ఏడా దొరకలే. ఎన్నడో ఎవరో అన్నది నా నోట్ల ఉండిపోయింది. అది కొట్టేస్త. గని అంబులెన్స్ మలుపు మాట మాత్రం కొట్టెయ్య. టేపు పెట్టి కొలిచిన, కాయితం డబ్బాల ఉన్నది. చూసినవా?"

సుధ చూడలేదు. గ్లాసులు అక్కడే వదిలేసి ఆయన వెంట వెళ్ళి చూసింది, తర్వాత గేటు దగ్గర తిరుమల్ చేత టేపు పట్టించి కొలిపించింది. నిజమే. బండి ఇప్పుడున్న చోటే ఉంటే అంబులెన్స్ ఒక్క విసురులో తిరగదు. గోడవైపు పది అడుగులు జరిగితే హాయిగా తిరుగుతుంది. అదీ రాసి, సుధా బ్రహ్మచారీ ఇద్దరూ సంతకాలు పెట్టారు.

సాయంత్రం ప్రేమమణి పెన్సిల్ పట్టుకుని వచ్చేసరికి రెండు కాగితాల్లోనూ కొట్టేయాల్సినవి కొట్టేసే ఉన్నాయి. "నాకేం మిగల్చలేదు మీరు," అని మూతి ముడిచింది.

ఆదివారం చీటీల్లో ఎక్కువ భాగం ఒకే మాట: బండి ఉండాలి, పది అడుగులు జరిగి.

సోమవారం పొద్దున లచ్చమ్మ గొంతు కొత్త వైపు నుంచి వినిపించింది. సుధ బాల్కనీ ఆ చివరికి పరిగెత్తి వంగి చూసింది.

"కొత్త పెళ్ళికూతురా! ఇయ్యాలటి పాలకూర. నమ్మకుంటే రేపు నా ఎంబడి బోయిన్‌పల్లికి రా, ఏ బస్తాల నుంచి తీసినో చూపిస్త!"

"వస్తా లచ్చమ్మా!" అని అరిచి, టీ గ్లాసులతో వస్తున్న తిరుమల్ వైపు తిరిగింది. "రేపు నాలుగింటికి లేవాలి మనం."

"మనమా?" అన్నాడు తిరుమల్. కానీ అప్పటికే ఫోన్ తీసి అలారం పెడుతున్నాడు. సుధ పక్కకి జరిగి, నాలుగనే పెట్టాడో లేదో చూసుకుంది.