జానెడు కాళ్ల గిటార్

జనగామలో పోశాలు లేత్ షాపు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు పిన్ను విరిగినా అక్కడికే పోవాలి. అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా షాపు వెనక రేకుల కింద పొడవాటి బల్లలాంటిదేదో చేస్తూ కూచుంటే లోకం ఊరుకుంటుందా? ఇస్త్రీ బల్ల అన్నారు కొందరు, చెరుకు రసం మిషన్ అన్నారు ఇంకొందరు. భార్య వసంత అయితే నేరుగానే అడిగింది.

"ఏందయ్యా గిది? శవపెట్టెకు కాళ్లు పెడుతున్నవా?"

"నీ నోట్లె మంచి మాటే రాదా? గిటార్ ఇది. పెడల్ స్టీల్ గిటార్."

"గిటార్‌కు పెడలేంది? కుట్టు మిషనా?"

పాపం, ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. అది ఒళ్లో పెట్టుకుని వాయించే గిటార్ కాదు. బల్లలాగా కాళ్ల మీద నిలబడుతుంది. పైన పది తీగలుంటాయి. ఎడమచేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జార్చాలి, కుడిచేత్తో మీటాలి. కింద పెడల్ తొక్కితే లోపలి ఊచలు తీగను లాగుతాయి, స్వరం ఉన్నచోటి నుంచే మెల్లగా పైకి లేస్తుంది. వింటుంటే ఎవరో మనల్ని పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంటుంది.

ఘనపూర్ దగ్గర పోశాలు పుట్టిన ఊళ్లోని ప్రార్థన మందిరానికి యాభై ఏళ్ల కింద ఒక అమెరికా నర్సమ్మ అలాంటి గిటార్ ఇచ్చి పోయింది. పోశాలు అక్క ఉప్పలమ్మ పన్నెండేళ్ల పిల్లగా దాని ముందు కూచుంది, అరవై వచ్చేదాకా లేవలేదు. పెళ్లి చేస్తామంటే, గిటార్‌ను వదిలి రానని మొండికేసి మొగుణ్ణే తన ఊరికి రప్పించుకున్న గట్టి మనిషి. రెండేళ్ల కింద వాగు పొంగి మందిరంలో నడుములోతు నీళ్లు నిలిచాయి. గిటార్ కర్ర ఉబ్బి పగిలింది, ఇనుము తుప్పు పట్టింది. బురద ఎత్తిపోసే హడావిడిలో ఎవరో మహానుభావులు దాన్ని పాత సామాను బండికి వేసేశారు.

అప్పటినుంచి ఉప్పలమ్మ మందిరంలో చివరి వరుసలో గోడకు ఒరిగి కూచుంటుంది. పాటకు పెదవి కూడా కదపదు. ఫోను చేస్తే "మంచిగున్న తమ్మీ" అనే ఒక్క ముక్క, అంతే. తల్లి పోయాక తనను చంకనెత్తుకుని పెంచిన అక్క అట్లా ఆరిపోతుంటే పోశాలు చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఆమె చేత మళ్లీ వాయింపించాలి. ఆ ఒక్క పని చేయలేకపోతే ఈ లేత్ ఎందుకు, ఈ చేతులెందుకు అనుకున్నాడు.

ఆధారం ఒకే ఒక్క ఫొటో. ఏదో కోత పండుగనాడు తీసింది. గిటార్ ముందు తెల్లటి లేసు గుడ్డ నేలదాకా వేలాడుతోంది, దాని వెనక అక్క నడుము పైభాగం మాత్రం కనిపిస్తోంది. మిగతాదంతా మహబూబాబాద్ యుగేందర్ పుణ్యం. పెళ్లి బ్యాండులో గిటార్ వాయించే ఆ కుర్రాడే, అమెరికాలో ఈ పాత మోడళ్లను అచ్చం అట్లాగే మళ్లీ తయారుచేసేవాళ్లున్నారని చెప్పి, కొలతలన్నీ వెతికి పంపాడు. పోశాలు వాటిలో నూలుపోగంత తేడా రానివ్వలేదు. సైకిల్ పుల్లలు సానబట్టి ఊచలు చేశాడు. మోటార్ల వైండింగ్ చేసే రాంజీని బతిమాలి, శబ్దం పట్టే పికప్‌కు వెంట్రుకలాంటి రాగి తీగ చుట్టించాడు. అక్కకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

"ఒక్కసారే ముందల పెడతా. అప్పుడు సూడు ఆమె మొహం" అని వసంత దగ్గర మురిసిపోయాడు.

దర్జీ కూడా కొలతలకు మనిషిని పిలుస్తాడు. మన పోశాలుకు ఆ మాత్రం తట్టలేదు.

తయారయ్యాక ముందు మహబూబాబాద్ తీసుకుపోయాడు. యుగేందర్ కుర్చీ వేసుకుని, బూటుకాళ్లతో పెడల్స్ తొక్కుతూ అరగంట వాయించి లేచి పోశాలును కావలించుకున్నాడు. "అన్నా, నీ చేతులకు మొక్కాలె. పాతది సుత గిట్ల పలికి ఉండదు" అన్నాడు. ఇంకేం, ఆదివారానికి గిటార్ ట్రాలీ ఆటో ఎక్కింది.

వరద తర్వాత మందిరంలో వేసిన కొత్త టైల్స్ తళతళలాడుతున్నాయి. జనం చాపల మీద కూచున్నారు. ఉప్పలమ్మ లోపలికొచ్చి గిటార్‌ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరికొచ్చి తీగల మీద అరచెయ్యి ఆనించింది. "నా తమ్ముడు చేసిండు. చూడుండ్రి, నా తమ్ముడు!" అని అందరికీ చెప్పుకుని ఏడ్చింది. పోశాలు ఛాతీ జానెడు పొంగింది.

ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఆమె దాని అంచున బిక్కుబిక్కుమంటూ కూచుంది. ఒట్టి పాదాల కింద సన్నటి ఇనుప పెడల్స్ జారుతున్నాయి. ఒకటి తొక్కబోతే రెండు దిగాయి, స్వరం వంకరపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అంతే. మూడోసారికి పాట అందుకున్నవాళ్లు కూడా మధ్యలో ఆగిపోయారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టేసుకుంది.

"మంచిగ చేసినవ్ తమ్మీ. నా కాళ్లే ముసలియైనయ్. ఇంకెవరన్న వాయిస్తరు తియ్."

ఆ పూట పోశాలు అన్నం ముట్టలేదు. ఎనిమిది నెలలు ప్రాణం పెట్టి చేస్తే ఇదా అని అక్క మీద కోపం, గిటార్ మీద కోపం, అందరికంటే తన మీద తనకే ఎక్కువ కోపం. పోనీ వెళ్లిపోదామంటే మనసొప్పలేదు, ఆ రాత్రి అక్క ఇంట్లోనే పడుకున్నాడు.

సోమవారం పొద్దున మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. వాళ్లది నేత ఇల్లు. ఉప్పలమ్మ ఇప్పటికీ తువ్వాలలు నేస్తుంది. నేలలో తవ్విన గుంట అంచున కూచుని, కాళ్లు లోపలికి వదిలి, కింది వెడల్పాటి కట్టెలను ఒట్టి పాదాలతో తొక్కుతోంది. బొటనవేలు ఒక కట్టె మీద, మడమ ఇంకో కట్టె మీద, ఎక్కడా తడబాటు లేదు. పోశాలు కళ్లు నులుముకుని చూశాడు.

"ముసలి కాళ్లంటివి గదా అక్కా?"

ఆమె దొరికిపోయింది. "మగ్గం సంగతి వేరు తమ్మీ."

"ఏం వేరు? నిజం చెప్పు. పాత గిటార్ ఎట్లుండె?"

"గుంటలనే ఉండె గదా! చాపల మీద పెద్దోళ్లు కూసుంటే నువ్వు కుర్చీ ఎక్కుతవా పిల్లా అని నాయిన దాని కాళ్లు జానెడు ఉంచి కోసేసిండు. మందిరంల గుంట తవ్వి మగ్గం లెక్కనే కట్టెలు కట్టిండు. ఊరందరికి ఎరుకే. నీకు తెల్వదా?"

ఎట్లా తెలుస్తుంది? అయిదేళ్లకే హాస్టల్‌లో పడ్డాడు. పండుగకు వస్తే మగవాళ్ల వైపు కూచునేవాడు, మధ్యలో ఆ లేసు గుడ్డ అడ్డం. అందరికీ తెలిసిన సంగతి గనక ఎవరూ అతనికి చెప్పలేదు. వరద బురదకు గుంట పూడిపోయింది, దాని మీద టైల్స్ పరుచుకున్నాయి.

"మరి నిన్న నోరెందుకు తెరవలే?"

"నువ్వు గంత మురిపెంగ తెస్తివి. దాని కాళ్లు కొయ్యమని నా నోటితోని ఎట్లనాలె తమ్మీ?"

పోశాలుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నేను అడగకపోతిని, నువ్వు చెప్పకపోతివి. ఇద్దరం ఇద్దరమే!" అంటూ తల కొట్టుకున్నాడు.

మందిరంలో టైల్స్ పగలగొట్టాలంటే సంఘ పెద్ద రాంచందర్ ససేమిరా అన్నాడు. "మొన్ననే ఏసినం. అద్దం లెక్క ఉన్నయ్" అని ఆయన గోల. పాస్టర్ ప్రేమ్‌సింగ్ అంతా విన్నాడు.

"టైల్స్ మళ్ల దొరుకుతయ్ అన్నా. ఉప్పలమ్మక్క దొరుకుతదా?" అని తనే పోయి గడ్డపార తెచ్చాడు.

వారమంతా జనగామలో షాపు మూతే. పోశాలు గుంట తవ్వాడు, ఊచలు పొడుగు చేశాడు, పెడల్స్ ఊడబీకి టేకు పలకలు బిగించాడు. మెరుగు పెట్టిన కాళ్ల మీద రంపం ఆనించాడు. కళ్లు మూసుకుని మొదటి కోత కోశాడు.

ఆదివారం ఉప్పలమ్మ చెంగు సర్దుకుని గుంట అంచున కూచుని కాళ్లు లోపలికి వదిలింది. కాసేపు పాదాలతో పలకలను తడిమింది. ఉక్కు కడ్డీ జరిగింది, తీగ పలికింది, స్వరం తిన్నగా, తీయగా పైకి లేచింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. పోశాలు గుంట పక్కనే నిలబడ్డాడు. రెండో చరణంలో ఉన్నట్టుండి ఆమె ఆపేసింది.

"తమ్మీ! మూడోది బిర్రుగున్నది. తొక్కితే కదుల్తలేదు. గింత పని సుత సక్కగ చెయ్యరాదా నీకు? సూస్తవేంది, దిగు!"

మందిరమంతా ఘొల్లున నవ్వింది. రెండేళ్లుగా గోడకు ఒరిగి కూచున్న మనిషి నలుగురిలో తిడుతోంది. పోశాలు పానా పట్టుకుని గుంటలోకి దూకి, అక్క పాదాల పక్కన గొంతుక్కూచుని మర వదులు చేశాడు.

"ఇప్పుడు?"

"జర ఇంకా... ఆఁ, ఇగ సాలు."

అతను పైకి రావడానికి కూడా ఆగలేదామె. పాట ఎత్తుకుంది. పలకలు దిగుతూ లేస్తూ ఉన్నాయి, స్వరం నెత్తి మీద మోగుతోంది. పోశాలు పానా పక్కన పెట్టి, ఎవరూ చూడరు గదా అని కడుపునిండా ఏడ్చాడు. పాట అయిపోయేదాకా గుంటలోనే కూచున్నాడు.