పోవుడు లేని భాష

లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల రిటైరైన పురుషోత్తం, రేపు దునియా అంత మాట్లాడాల్నని ఒక కొత్త భాష తయారు చేస్తుండు. ఆయనతోని క్యారమ్స్‌ల ఓడిపోయి, ఏడాది ఆదివారాలు అది నేర్చుకుంటనని మాటిచ్చినోడు జంగయ్య. నేర్పే గదికి లోపటికెళ్లి తాళం, తాళంచెవి పురుషోత్తం మొలతాడుకు. బయటికి పోవాల్నంటె ఆ భాషలనే అడగాలె. పోవుడుకు అండ్ల మాటనే లేదు. పెద్దమనిషికి నిద్రొస్తె తలుపు తెరుచుడు, అంతే.

ఒకపారి జంగయ్య తెలుగుల అడిగిండని, నాలుగు వందల మాటలు మళ్ల మొదటికెళ్లి అప్పజెప్పిచ్చిండు. బయటికొచ్చేసరికి జంగయ్య గడ్డం బొడ్డుదాకొచ్చింది.

ఇయ్యాల నాలుగున్నరైంది. ఐదింటికి సికింద్రాబాద్ స్టేషన్ల బండి పది నిమిషాలే ఆగుతది. అండ్ల జంగయ్య బిడ్డ నవత, ఆమె ఒళ్లె ఆర్నెల్ల పిల్ల. మిలిటరీ అల్లునికి ఎక్కడికో బదిలీ. జంగయ్య మనవరాలిని ఇంకా చూడనే లేదు.

“అన్నా, ఆ ఒక్క మాట జెర పుట్టియ్యరాదె. బండి టైమైతుంది.”

“ముందుగాల రాజ్యాలు. ఒక్కడే ఏలితె ‘గొంబు’. నలుగురు దోస్తులు ఏలితె ‘గొంగొంబు’. ఓట్లేసేదానికి నువ్వు చెప్పు.”

“‘లప్పె’ అను.”

“అర్థం సుత చెప్పాలె.”

“అందరు కల్సి ఒకన్ని కుర్సీల కూసోబెడ్తరు. ఐదేండ్లు కాంగనె ఆయన దిగి...” జంగయ్య ఆగిండు. “దిగి ఏం జేస్తడన్నా?”

“పోతడు.”

“ఆ మాట లేదు కద. సచ్చెదాక గాడ్నే కూసుంటె అది గొంబే.”

పురుషోత్తం పెన్సిల్ కొరికి కొరికి సగం మింగిండు.

“సరె, పోవుడుకు ‘షింకు’ రాస్కో. గని అది రాజుకే. పబ్లిక్కు లేదు.”

“అయితె నా ఓటు నీకే. నువ్వే రాజువు.”

పురుషోత్తం మీసం దువ్వుకోని కుర్సీల సదురుకున్నడు.

“ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఏండ్లు అయిపోయినయ్ అన్నా. షింకు.”

తాను పెట్టిన రూలు తానే తప్పే మనిషి గాదు పురుషోత్తం. లేసి, మొలతాడు గుంజి, తాళం తీసి, తలకాయ దించుకోని బయటికి నడిచిండు. ఎనకనె జంగయ్య.

“పబ్లిక్ ఎటు పోతుందిరా?”

“రాజు దిగినంక ఆపేటోడు ఎవడున్నడన్నా.”

జంగయ్య ఉరుకుతుంటె మెట్టుగూడ కాడ సిటీ బస్సు ఎనకవడ్డది. ప్లాట్‌ఫారం మీదికొచ్చేసరికి బండి కదిలింది. నవత పిల్లను కిటికీ ఊచలకాడికి ఎత్తింది. పిల్ల తాత వేలు పట్టుకుంది. ప్లాట్‌ఫారం అయిపోయేదాక జంగయ్య ఇడిపించుకోలే.