మూడో 'మ'

ఆ ప్రెస్సులో ఆవిణ్ణి అందరూ ఒత్తులమ్మ అనేవారు. ఒత్తు పోయిన చోట, దీర్ఘం జారిన చోట ఆవిడ ఎర్ర పెన్ను వాలి తీరాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ఎవరైనా విజిటింగ్ కార్డు చేతికిస్తే పేరు కన్నా ముందు అందులో తప్పు కనిపించేది. ఒకసారి హోటల్లో మెనూ కార్డు మొత్తం దిద్ది సర్వరు చేతిలో పెట్టి వచ్చింది. "రోజుకో తప్పు దొరక్కపోతే నీకు తిన్నది అరగదు" అని భర్త ఎగతాళి చేస్తే, ఆవిడకది పొగడ్తలాగే వినిపించేది. ప్రెస్సులో కూడా ఎర్ర పెన్నుకి ఎదురు ప్రశ్న లేదు. ఆవిడ కొట్టేసిందంటే కొట్టేసినట్టే.

ప్రసూతి ఆసుపత్రివాళ్ళు బాలింతలకి ఉచితంగా పంచే పదహారు పేజీల పుస్తకం ఆవిడ చేతిమీదుగానే వెళ్ళింది. బిడ్డని ఒళ్ళో ఎలా పట్టుకుని పాలివ్వాలో చూపించే వీడియోకి తొమ్మిదో పేజీలో ఒక లింకు ఉంది. ఆసుపత్రివాళ్ళు పంపిన అసలు అడ్రసు మూడు వరసల పొడుగు. డీటీపీ చేసే ఆయనకి నోటి మాట కన్నా మౌసు చప్పుడే ఎక్కువ కాబట్టి ఆయన పేరు మౌసుబాబాయి. పేజీలో దానికి వదిలిన గడిలో అడ్రసు పట్టకపోయేసరికి ఆయన దాన్ని ఏదో ఉచిత సైటులో పెట్టి పొట్టి చేశాడు. చివర మనకి నచ్చిన మాట తగిలించుకోవచ్చట. amma అని కొడితే, అది ఎవరో ముందే తీసేసుకున్నారని చెప్పింది సైటు. పోతే పోయిందని ఇంకో ఎమ్ము కలిపి ammma చేశాడు. నొక్కి చూస్తే వీడియో వచ్చింది. అంతటితో తన పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్ళాడు.

పుస్తకాలు వెళ్ళిన నాలుగో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు ఫోన్ చేసింది. ఓనరు స్పీకరు పెట్టాడు.

"ఏం అచ్చేశారండీ తొమ్మిదో పేజీలో? మా ఆయా తెచ్చి చూపిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుందా మీకు?"

అని ఠకీమని పెట్టేసింది. ఓనరు పుస్తకం తెరిచి, తన ఫోన్లో అక్షరం అక్షరం చూసి కొట్టాడు. ఒత్తులమ్మా మౌసుబాబాయీ చెరో పక్కనుంచి తొంగి చూశారు.

అన్నీ ఆడవాళ్ళ ఫోటోలు. చాలావరకు వాళ్ళకి తెలియకుండా తీసినవి. బిడ్డకి పాలిస్తున్న ఒక తల్లిని ఎవడో కిటికీ సందులోంచి తీశాడు. కింద మగవాళ్ళ కూతలు, ఒకడిని మించి ఒకడు. పైన పెద్ద అక్షరాలతో ఆ పేజీకి పెట్టుకున్న పేరు 'అమ్మ'. ఆ కూతల్లో ఒకచోట ఒత్తు తప్పు ఒత్తులమ్మ కంటికి తగిలింది, చెయ్యి అలవాటు చొప్పున పెన్ను కోసం కదిలింది. తన కళ్ళ మీద తనకే రోత పుట్టింది.

"థూ!" అంది పైకే. "ముందు మూసెయ్యండి దాన్ని."

ఓనరు మూయడానికి కొంచెం ఎక్కువసేపే తీసుకున్నాడు. ఆవిడ అది కూడా చూసింది.

"ఏమయ్యా బాబాయ్, నువ్వు పెట్టింది ఇదేనా?" అన్నాడు ఓనరు.

"కాదండీ. నేను మూడు ఎమ్ములు పెట్టాను. ఇందులో రెండే ఉన్నాయి."

"మూడేంటయ్యా? అమ్మకి మూడు ఎమ్ములు ఎక్కడైనా ఉంటాయా? చేసింది చేసి మళ్ళీ కథలా? రేపట్నుంచి రానక్కర్లేదు."

మౌసుబాబాయి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఇంటికి వెళ్ళాక దిద్దుబాట్లు ఎక్కించింది రెండో షిఫ్టు వాళ్ళు. ఆ ప్రూఫు కాగితం ఒత్తులమ్మ సొరుగులో ఉంది. తీసి చూడాల్సిన పనిలేదు, ఆవిడకి గుర్తొచ్చేసింది. మ కింద ఒత్తు సరే, ఒత్తు కింద మళ్ళీ ఒత్తా, ఈ బాబాయికి బొత్తిగా చూపు ఆనడం లేదని నవ్వుకుంటూ ఆ రోజు ఒక ఎమ్మును చక్కగా కొట్టేసింది తనే. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఒక నిమిషం గడిచింది. ఆ నిమిషంలో ఒక మనిషి ఉద్యోగం పోతుంటే ఆవిడ నోరు మెదపలేదు. ఫోన్లో చూసినదాని కన్నా ఆ నిమిషమే ఆవిడకి ఎక్కువ అసహ్యం.

"అది కొట్టేసింది నేనండీ."

ఓనరు ముఖం చప్పున మారింది. "మీరా? అయితే సరే లెండి. పెద్దవారు, పొరపాటు. సైటుని ఎవడో హ్యాక్ చేశాడని నర్సుకి నేను చెప్పేస్తాను. అయినా ఆ లింకులు కొట్టి చూసేదెవరండీ? బాలింతలకి అంత తీరికెక్కడిది?"

ఇందాక ఉద్యోగం తీసేసేటంత తప్పు, ఇప్పుడు 'సరే లెండి' అయిపోయింది. ఆవిడ మౌసుబాబాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక్క అక్షరం పోతే పేజీ లేదని రావాలి కదా బాబాయ్? ఈ చండాలం ఎలా వచ్చింది?"

"పొడుగు అడ్రసైతే అలాగే వచ్చేదమ్మా. అందులో ఆసుపత్రి పేరుంటుంది, ఎవరింటికి వెళ్తున్నామో తెలుస్తుంది. పొట్టిదానికి ముసుగు. లోపలున్నది ఎవడో తెలియదు. అక్షరం తప్పామంటే ఇంకొకడి గుమ్మంలో తేలతాం. మూడు ఎమ్ములని నేను పక్కన రాసిపెట్టాల్సింది. అసలు మూడు వరసలూ వేసేస్తే పోయేది. గడి అందం చూసుకున్నాను."

"నేను మాత్రం? అక్షరాలే చదివాను గానీ ఒక్కసారి ఫోన్లో కొట్టి చూశానా?"

అసలు అడ్రసు మూడు వరసల్లో స్టిక్కర్లు తీశారు. మూడు ఫోన్లలో కొట్టి చూశారు. ఓనరు సణుగుతూనే ఉన్నాడు. ఆవిడ వాటిని సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఆసుపత్రిలో హెడ్ నర్సు కూర్చోమనలేదు. మిగిలిన పుస్తకాల కట్టలు చూపించింది. ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు నలభై మంది, ఫోన్లు చేస్తున్నామంది. వార్డులో మంచం మంచానికీ తిరిగి ఒత్తులమ్మ తన చేత్తో స్టిక్కర్లు అంటించింది. చివర కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి, ఇరవై దాటి ఉండవు. పక్కన బిడ్డ, బల్ల మీద బిడ్డ ముట్టని పాలసీసా.

"ఈ బిడ్డ బరువు తగ్గిపోతోంది" అంది నర్సు గొంతు తగ్గించి. "పాలు పట్టడం చూపిస్తామంటే దుప్పటి కప్పేసుకుంటుంది. ఎవర్నీ దగ్గరికి రానివ్వదు."

నర్సు వెళ్ళాక ఒత్తులమ్మ మంచం అంచున కూర్చుంది.

"నీ పుస్తకం ఏదమ్మా?"

"పారేశాను."

"తొమ్మిదో పేజీ చూశావా?"

అమ్మాయి ముఖం గోడవైపు తిప్పుకుంది. అటు తిరిగే చెప్పింది.

"మా ఆయన పక్కనుండగానే తెరిచానండీ. ఫోన్ లాక్కున్నాడు. ఇలాంటివి చూడ్డం ఎప్పుడు మొదలెట్టావన్నాడు. పుస్తకంలో ఇచ్చారన్నా నమ్మలేదు, ఆసుపత్రివాళ్ళు ఇలాంటివి ఇస్తారా అన్నాడు. అందులో ఒకావిడని కిటికీలోంచి తీశారు. ఇక్కడ కూడా తీస్తారేమోనని..."

కిటికీకి అడ్డంగా ఒక తువ్వాలు కట్టి ఉంది. ఆ పిల్ల నాలుగు రోజులుగా ఆకలితో ఏడుస్తున్న బిడ్డని పక్కన పెట్టుకుని ఆ కిటికీని కాపలా కాస్తోంది.

"ఆ తప్పు నాదమ్మా" అంది ఒత్తులమ్మ. "అక్కడ ఒక అక్షరం ఎక్కువైందనుకుని నేనే కొట్టేశాను. నువ్వు చేసిందేమీ లేదు. ఆసుపత్రివాళ్ళ తప్పూ లేదు."

అమ్మాయి ఇటు తిరిగి మొదటిసారి ఆవిణ్ణి సూటిగా చూసింది.

"ఈ మాట మా ఆయనకి చెబుతారా?"

"ఎందుకు చెప్పను? ఇప్పుడే చెబుతాను. ఎక్కడున్నాడు?"

"తెలియదండీ. ఆ రోజు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు."