ఆలస్యంగా వచ్చే గొంతు

అందరికంటే ముందు స్టూడియోకి వచ్చి కీబోర్డు మీద గుడ్డ తీసి, వైర్లు కలుపుకోవడం అక్కకి అలవాటు. వాళ్ల బ్యాండులో పాటగాడు ఆమె సొంత తమ్ముడు. వాడు అక్కా అంటాడని బ్యాండంతా అక్కా అనేది.

తమ్ముడి గొంతు నోటికంటే ఆలస్యంగా వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. పొద్దున్న "అన్నం పెట్టనా?" అని అమ్మ అడిగితే, "పెట్టు" అన్నది ఒక్కోసారి సాయంత్రం వినబడేది. ఖాళీ వంటింట్లోంచి "ఉప్పు తక్కువైందమ్మా" అని వినిపిస్తే, "ఇప్పుడా చెప్పడం!" అని అమ్మ విసుక్కునేది. ఇంట్లో సర్దుకుపోయారు. రికార్డింగులోనే కుదరలేదు.

అది వాళ్ల మొదటి ఆల్బం. రికార్డులో ఒక వైపంతా ఒకటే పాట. ఏడు దెబ్బల తాళం మధ్యలో అయిదవుతుంది, మళ్లీ ఏడుకొస్తుంది. డ్రమ్మరు చెమటలు కక్కుతూ వాయిస్తుంటే, గాజు గదిలో తమ్ముడు కళ్లు మూసుకుని నోరు తెరిచేవాడు. టేపు మీద ఏమీ పడేది కాదు. తీరా అందరూ బయట టీ తాగుతుంటే లోపల పాట మొదలయ్యేది. ముందుగా పాడించి చూశారు. గొంతు ఓసారి క్షణంలో వచ్చేది, ఓసారి మర్నాటికి. భయపడితే మరీ ఆలస్యం. రికార్డు చేసిన ఒక్కో టేకూ పాడైనకొద్దీ వాడికి భయం పెరిగేది.

"ఇంక నా వల్ల కాదక్కా," అన్నాడు బ్యాండు పెట్టిన గిటారిస్టు. "వేరే గొంతు దొరికింది. ఇవాళే వస్తున్నాడు. మీ తమ్ముడికి నువ్వే చెప్పు."

"నేనా?"

"నేను చెబితే బాగుంటుందా?"

అక్క చెప్పలేదు. చివరికి అతనే చెప్పాడు. తమ్ముడు ఆమెవైపు తిరిగి ఏదో అన్నాడు. పెదవులే కదిలాయి. ఆమె మీటలేవో సరిచేస్తున్నట్టు తల దించుకుంది. వాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

కొత్తవాడు బాగా పాడాడు. అందుకే ఆమెకి ఒళ్లు మండింది. ఎక్కడా తాళం తప్పడే! పాట మలుపు దాటి, ఆమె కీబోర్డు అన్నిటికంటే పైకి వినిపించాల్సిన చోటికి వచ్చింది. నెలల తరబడి సాధన చేసిన చోటు. సరిగ్గా అప్పుడే తమ్ముడి గొంతు, పక్కనే నిలబడి అడిగినట్టు వినబడింది.

"అక్కా, నువ్వు కూడా వద్దంటున్నావా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. మిగతావాళ్లు ఆపలేదు. గిటారిస్టు కళ్లతోనే అరుస్తున్నాడు, వాయించమని. ఆమె లేచి తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

తమ్ముడు బస్టాపులో కూర్చున్నాడు.

"లేదురా," అంది రొప్పుతూ. "నోరు మూసుకుని కూర్చున్నాను, అంతే."

వాడి పెదవులు కదిలాయి. ఆమె పక్కన కూర్చుంది. బస్సు రాకముందే జవాబొచ్చింది. "అయితే పద, ఆకలేస్తోంది."

తమ్ముడి ప్రశ్న కూడా టేపు మీద పడిన ఆ టేకుతోనే ఆల్బం బయటికొచ్చింది. మళ్లీ వాయిస్తే అంత బాగా రాలేదట. అట్ట మీద ఇంకో కీబోర్డువాడి ఫొటో ఉంది. ఆ ప్రశ్న, దాని వెనక కీబోర్డు ఆగిపోయిన ఆ ఖాళీ గొప్ప ప్రయోగమని ఎవరో పత్రికలో మెచ్చుకున్నారు.

అక్క ఇప్పుడు ఇంట్లోనే పాఠాలు చెబుతుంది. రేడియోలో ఆ పాట వస్తే ఏ పనిలో ఉన్నా ఆమె వేళ్లు వాయించని స్వరాలకోసం కదులుతాయి. అక్కడ వాయించలేకపోయిన ఉక్రోషం ఇంకా తగ్గలేదు. అయినా ప్రశ్న వినబడగానే మాత్రం, ప్రతిసారీ, పైకే అంటుంది.

"లేదురా."