తూర్పు గోడ మీద నక్షత్రాల పురుడు

నేను ఒక ఫ్లెక్సీని. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. ఫ్లెక్సీ అనగానే మీకు దండం పెడుతున్న నాయకుడో, సోఫాలో సిగ్గుపడుతున్న ఓణీల ఫంక్షన్ పిల్లో గుర్తొస్తే తప్పు మీది కాదు. నా వంశం అలాంటిది. అదే మెషీన్లోంచి నా ముందు ఒక వార్డు నాయకుడి పుట్టినరోజు వచ్చింది. నా వెనకాల ఒక శ్రద్ధాంజలి వచ్చింది. మధ్యలో నేను. అంతరిక్షంలో తిరిగే పెద్ద టెలిస్కోపు తీసిన కరీనా నీహారిక ఫొటోని. కింద ఇటుకరంగు కొండల్లాంటి ధూళి, పైన నీలం, ఆ నీలం నిండా చుక్కలు. పాత టెలిస్కోపులకు ఆ ధూళి అడ్డొచ్చేది. ఈ కొత్తది కంటికి కనబడని కిరణాలతో దాని వెనక్కి తొంగిచూసింది. పక్కింటి గోడ మీంచి చూడటం మనుషులకు కొత్త కాదు కాబట్టి ఈ మాత్రం పరికరం చేసుకోవడంలో నాకు ఆశ్చర్యం లేదు.

కాకినాడలో నన్ను అచ్చువేసిన నూకరాజుకు మాత్రం నేను అర్థం కాలేదు.

"ఫొటోలెక్కడ పెట్టమంటారు మేడమ్?"

"ఎవరివి?"

"మీదీ, సారుదీనండి. కింద వరసగా గుండ్రంగా పెట్టేస్తాను."

"అక్కర్లేదు బాబూ."

"పోనీ ఎమ్మెల్యేగారిదండీ?"

మనిషి మొహం లేని ఫ్లెక్సీ వెయ్యడం అతని సర్వీసులో అదే మొదలు. మనసొప్పక, కింద మూల 'శుభాకాంక్షలతో' అని వేసి, పేరుండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు. పంపిందెవరో చెప్పుకోని శుభాకాంక్షలు ఆ ఊళ్ళో అవొక్కటే.

నన్ను వేయించిన సత్యవేణి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. భర్త గోవర్ధనరావు కరెంటాఫీసులో పనిచేస్తాడు. వాళ్ళు కొన్న కొత్త ఫ్లాటులో టైల్స్ ఆయన ఎంచాడు. కర్టెన్లు ఆయన అక్క రాజ్యలక్ష్మి ఎంచింది. పొయ్యి ఎటు తిరగాలో సిద్ధాంతిగారు చెప్పారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో సత్యవేణి నోరు తెరిచి అడిగింది హాల్లో తూర్పు గోడ ఒక్కటే. ఇచ్చారు. పదిహేడు రోజులు ఇచ్చారు.

వచ్చినవాళ్ళందరూ నన్ను చూసి "పాపికొండలా? లాంచీలోంచి తీశారా అండీ?" అనేవారు. సత్యవేణి ఓపిగ్గా చెప్పేది. వాళ్ళు అంతే ఓపిగ్గా విని, సోఫా ఎక్కడ కొన్నారని అడిగేవారు.

పదిహేడో రోజు రాజ్యలక్ష్మి ఏడు గుర్రాల పటం చంకన పెట్టుకుని దిగింది. పరిగెత్తే ఏడు తెల్ల గుర్రాలు తూర్పు గోడకుంటే ఇంటికి కలిసొస్తుందట. ఆ అపార్ట్‌మెంటులో నలభై ఫ్లాట్లుంటే ముప్ఫై ఒకటింటిలో ఆ పటం ఉంది. అంటే రెండువందల పదిహేడు గుర్రాలు పగలూ రాత్రీ పరిగెడుతున్నాయి. అయినా లిఫ్టు బాగవలేదు.

"ఇదేంటమ్మాయ్, కొంపంటుకున్నట్టుంది?" అంది రాజ్యలక్ష్మి నన్ను చూసి.

"మంట కాదొదినా. అక్కడ నక్షత్రాలు పుడతాయి. పురిటిగది అనుకోండి."

టీచర్లకున్న రోగం అదే, ఉపమానం చెప్పందే ఊరుకోలేరు.

"పురిటిగదా! హాల్లోనా! ఎన్ని పుట్టాయేంటి?"

"వందలు. ఇంకా పుడుతూనే ఉంటాయి."

"ఒరే గోవర్ధనం! నీ ఇంట్లో రోజూ పురుడేరా! మైలతోటే దేవుడికి దీపం పెట్టేస్తున్నార్రా?"

"మనకెందుకొదినా మైల? అవేమన్నా మన జ్ఞాతులా?" అంది సత్యవేణి.

అప్పుడు గోవర్ధనరావు, పెళ్ళాం మాట ఎన్నడూ చెవిన పెట్టని మనిషి, పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మొన్న నువ్వే అన్నావుగా సత్యా, మన రక్తంలో ఇనుము నక్షత్రాల్లో తయారైందేనని? మరి చుట్టరికమేగా?"

ఆమె పాఠం అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న విద్యార్థి మరొకడు లేడు.

మర్నాడు ఆమె బడికెళ్ళగానే నన్ను ఊడబీకారు. నా మేకుల్లో ఒకదానికే గుర్రాలు ఎక్కాయి. నన్ను బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద బోర్లా కప్పారు. ఫ్లెక్సీ పుట్టిందే దేన్నో ఒకదాన్ని కప్పడానికని మధ్యతరగతి నమ్మకం. మొహం కింద మెషీన్ గిరగిరా తిరుగుతుంటే నేను మాత్రం జారలేదు, చిరగలేదు. అంత తేలిగ్గా పోయే జాతి కాదు మాది.

సాయంత్రం సత్యవేణి వచ్చింది. గోడ చూసింది. బ్యాగు భుజం మీంచి దించలేదు.

"ఏవండీ, సిద్ధాంతిగారికి ఫోన్ చెయ్యండి. స్పీకర్ పెట్టండి."

గోవర్ధనరావు పెట్టాడు.

"పంతులుగారూ, పురుడు కబురు పదిరోజులు దాటాక తెలిస్తే మైల ఉంటుందాండీ?"

"ఉండదమ్మా. దాటిపోతే ఇక పట్టింపు లేదు. బిడ్డ ఎప్పుడు పుట్టాడు?"

"ఏడున్నర వేల ఏళ్ళ కిందటండి."

లైను తెగిందేమోనని గోవర్ధనరావు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చూశాడు.

"నక్షత్రాలండీ. అక్కణ్ణుంచి వెలుతురు మనదాకా రావడానికే అంతకాలం పట్టింది. ఈ ఫొటోలో ఉన్నది అప్పటి పురుడు. కబురే ఇప్పుడందింది."

"అయితే మైలేం లేదు. నిక్షేపంలా దీపం పెట్టుకోండి."

రాజ్యలక్ష్మి ఫోన్ మీదికి వంగింది. "మరి పోయిన చుక్కలో పంతులుగారూ? ఈలోపు ఎన్ని పోయుంటాయో!"

"చావు కబురు ఏడాది దాటాక తెలిస్తే తలమీద నీళ్ళు పోసుకుంటే సరిపోతుందండి."

గోవర్ధనరావు తువ్వాలు అందుకుని బాత్రూములోకి నడిచాడు.

ఆయన నీళ్ళ చప్పుడు వినిపిస్తుండగానే సత్యవేణి గుర్రాలను దించి వదినగారి ఒళ్ళో పెట్టింది. బాల్కనీలోంచి నన్ను తెచ్చి, సబ్బు నురగ తుడిచి, సుత్తీ మేకులూ పట్టుకుని స్టూలెక్కింది. సిమెంటు పెచ్చులు కొత్త టైల్స్ మీద రాలుతున్నాయి.

"గోడ పాడవుతుందమ్మాయ్!"

"నా గోడే కదొదినా."

నాకు నాలుగు మేకులు చాలు. ఆమె పన్నెండు కొట్టింది. ఇప్పుడు నన్ను తియ్యాలంటే గోడ కూడా తియ్యాలి.

తియ్యండి, చూద్దాం.