పక్కసీటు బ్రేకు

చక్రం మధ్యలో ఉన్న మూతను సుత్తితో తట్టి ఊడదీసి, పాత గ్రీజును వేలితో తోడేసి, కొత్త గ్రీజు కూరుతున్నాడు నిదానం. నిన్న సాయంత్రం ట్రైలర్ నీళ్ళలోకి దిగింది. లోపలికి నీళ్ళు దూరితే గ్రీజు పాలలా తెల్లబడి ఆ సంగతి చెప్పేస్తుంది. కొంచెం తెల్లబడింది కూడా. అతను తల ఊపి, వేలు గుడ్డకు తుడుచుకుని, రెండో చక్రం దగ్గరికి పీట జరుపుకున్నాడు.

నిదానం అతని అసలు పేరు కాదు. పడవలు బాగుచేసే షెడ్ల నుంచి రేవు దాకా ఒక ఏటవాలు రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద జీపుకు ట్రైలర్ తగిలించి పడవల్ని దించడం, మళ్ళీ ఎక్కించడం అతని పని. మొదటి గేరులో, ఇంజను మూలుగుతుండగా, పెళ్ళికూతుర్ని నడిపించినంత జాగ్రత్తగా దించేవాడు. వెనక వచ్చే సైకిళ్ళు కూడా అతన్ని దాటుకుని పోయేవి. ఎందుకింత నత్తనడక అని ఎవరో అడిగితే నిదానమే ప్రధానమని జవాబిచ్చాడు. ఇంకేముంది, పేరు అతుక్కుపోయింది. చివరికి అత్తవారింట్లో కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. అతనికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడంలో కూడా అతను నిదానమే.

ఆ ట్రైలర్‌కి బ్రేకులు లేవు. జీపును ఆపితే వెనకున్న బరువంతా వచ్చి జీపు వీపు మీద పడుతుంది. బ్రేకులు పెట్టించుకోమని సలహా చెప్పినవాళ్ళందరికీ అతని దగ్గర ఒకటే సమాధానం ఉండేది. రోజూ ఉప్పునీళ్ళలో మునిగే బ్రేకుకు తుప్పు పడుతుంది, అవసరానికి పట్టని బ్రేకును నమ్ముకోవడం కన్నా అసలు లేకపోవడమే నయం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది సగం మాట. బ్రేకుల్లేకుండా ఆ వాలు దిగే మొనగాడు రేవు మొత్తానికి తానొక్కడేనన్నది పైకి చెప్పని మిగతా సగం. నిదానస్తుడైతే మాత్రం ఆపాటి గొప్ప ఉండకూడదా?

ఈ మధ్య ఆయాసం పట్టుకుంది. గుండె బలహీనంగా ఉందనీ, బరువులు ఎత్తకూడదనీ, బండి నడపకూడదనీ డాక్టరు చెప్పాడు. దాంతో కూతురు స్టీరింగు పట్టింది. చిన్నప్పటి నుంచీ జీపు చుట్టూ తిరిగిన పిల్ల. ట్రైలర్‌ను వెనక్కి నడిపి నీళ్ళలో పెట్టడంలో తండ్రిని ఎప్పుడో మించిపోయింది. ఇప్పుడతను పక్కసీటులో కూర్చుంటున్నాడు. అక్కడ కూర్చున్న మొదటి రోజే బ్రేకుల గురించి అతని అభిప్రాయం తలకిందులైంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"తేల్చు బావా," అన్నాడు షెడ్డులోంచి వచ్చిన బామ్మర్ది. అతను వెల్డరు. "బ్రేకులున్న ఇరుసు ఒకటి దొరికింది. పాత ట్రైలర్‌ది. భోజనాలయ్యేలోపు చెప్పకపోతే వేరేవాళ్ళు పట్టుకుపోతారు."

"చూద్దాం."

"నీ 'చూద్దాం' వినీ వినీ నా జుట్టు నెరిసింది. ఇవాళ దించాల్సిన పడవని చూశావా? జీపు కన్నా బరువుంది."

చూశాడు. ఇన్నాళ్ళూ దించినవి చేపలు పట్టే చిన్న పడవలు. ఇది పైన గదీ, వెనక పెద్ద ఇంజనూ ఉన్న పడవ.

ఆ బ్రేకు ఎలా పనిచేస్తుందో బామ్మర్ది రెండు పిడికిళ్ళు ఒకదాని వెనక ఒకటి పెట్టి చూపించాడు. ముందు పిడికిలి ఆగింది. వెనకది వచ్చి దానికి గుద్దుకుంది. "ఈ తోపుడే కమ్మీని లోపలికి నొక్కుతుంది. కమ్మీ తీగని లాగుతుంది. తీగ చక్రాల్లో బ్రేకుని బిగిస్తుంది. ఎంత తోస్తే అంత పట్టు. అల్లుడిలాంటిది కాదు బావా, బుద్ధున్న బ్రేకు."

జీపు కింద నుంచి ముందు రెండు కాళ్ళు బయటికొచ్చాయి, తర్వాత కూతురు వచ్చింది. ఆమె మోచేతిదాకా మసి.

"నాకొద్దు మావయ్యా," అంది. "నాన్న ఇన్నేళ్ళూ బ్రేకుల్లేకుండానే దించాడు. నేను ఎక్కగానే బ్రేకులు పెడితే రేవులో ఏమంటారు? ఆడపిల్ల చేతికిచ్చాడు, అందుకే పెట్టించాడంటారు."

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. ఆ బాధ ఎలాంటిదో నిదానానికి తెలియనిది కాదు. నచ్చజెప్పబోయాడు. కూతురు తండ్రి మాటనే తీసి తండ్రి ముందు పెట్టింది.

"నీళ్ళలో మునిగే బ్రేకుకి తుప్పు పడుతుందని నువ్వే కదా అంటావు?"

నిదానం గ్రీజు డబ్బా మూత పెట్టి, గాలి పీల్చుకుంటూ రోడ్డు మీదికి నడిచాడు.

వాలు మధ్యలో ఒక మలుపుంది. మలుపు తిరిగేదాకా అవతల ఏముందో కనబడదు. అక్కడున్న తక్కువ ఎత్తు గోడ మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. చేతిసంచీతో ఒకావిడ అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటింది. అలాంటప్పుడు కూతురు కాలు బ్రేకు మీద పడుతుంది. జీపు ఆగుతుంది. వెనకున్న పడవ ఆగదు. ఆ తర్వాత జరిగేదాన్ని అతను ఊహించలేక లేచి నిలబడ్డాడు. బలవంతంగా బ్రేకులు పెట్టించొచ్చు, ట్రైలర్ తనదే. కానీ నాన్నకు నా మీద నమ్మకం లేదని పిల్ల తాళాలు బల్ల మీద పెట్టేస్తే? తనలాగే ఆ పిల్లకూ పొగరు ఎక్కువ. బండి నడుపుతున్నప్పుడు ఆమె ముఖంలో ఉండే వెలుగు పోగొట్టే ధైర్యం అతనికి లేదు.

ఇంట్లో ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. భార్య ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. కుట్టుమిషను మీద పడవల పరదాలు కుట్టే మనిషి ఆమె. మాటలు కూడా కొలిచి కత్తిరిస్తుంది.

"బ్రేకుల గొడవేనా?" అంది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఏం చెప్పాలి?" అన్నాడు నిదానం, పళ్ళెంలోకి చూస్తూ.

ఆమె కూతురి వైపు తిరిగింది. "ఈయన చొక్కాలు పెళ్ళయినప్పటి నుంచీ నేనే ఉతుకుతున్నానే. వాలు ఎక్కేటప్పటి చొక్కా వేరు, దిగేటప్పటి చొక్కా వేరు. వాలు దిగి వచ్చిన రోజు, బకెట్లో పెట్టకముందే పిండితే నీళ్ళొచ్చేవి."

కూతురు ముద్ద ఆపింది. "భయమా నాన్నా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నిదానానికి ఆ క్షణం కూడా నెమ్మదిగానే గడిచింది. ఈలోగా అబద్ధం వద్దనిపించింది.

"భయమేనమ్మా. ఆ మలుపు దగ్గర రోజూ పైప్రాణాలు పైనే పోయేవి. నిదానంగా నడిపింది నేర్పుతో అనుకున్నారు అందరూ. భయంతో నడిపాను."

"మరి బ్రేకు పెట్టించుకోలేదేం?"

"పెట్టించుకుంటే భయమని తెలిసిపోతుందని."

ముందు నవ్వింది భార్య. తర్వాత కూతురు. ఆపుకోలేక నీళ్ళు తాగి, పొలమారి, మళ్ళీ నవ్వింది. అతనికి సిగ్గుగానూ ఉంది, హాయిగానూ ఉంది. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేసేవాణ్ణని అనుకున్నాడు.

"నడిపేవాళ్ళకి కాలి కింద ఒక బ్రేకైనా ఉంటుంది. పక్కన కూర్చున్నవాడికి ఏముంటుందే? ఆ బ్రేకులు నీకు కాదు. నాకు పెట్టించు."

"రేవులో అలాగే చెబుతాను మరి. మా నాన్నకి భయం, అందుకే పెట్టించామని."

ఇన్నేళ్ళ మొనగాడితనం. నిదానం దాన్ని ఒకసారి తలుచుకున్నాడు. "ఊరంతా చెప్పుకో," అన్నాడు. "రోజూ మంచినీళ్ళతో కడిగే పూచీ మాత్రం నాది. తుప్పు మాట అబద్ధం కాదు."

ఎండ వాలేసరికి ఇరుసు బిగింపు పూర్తయింది. బామ్మర్ది మసిచేతులతోనే బావ భుజం తట్టాడు. పడవను ట్రైలర్ మీద కట్టారు. కూతురు తాళ్ళన్నీ లాగి చూసి ఎక్కింది. నిదానం పక్కన కూర్చున్నాడు.

వాలు మొదలైంది. అతని కుడికాలు అలవాటుగా ముందుకు పోయి నేలను నొక్కింది. అక్కడ పెడలేమీ లేదు, అయినా నొక్కింది. మలుపు దగ్గర కూతురు జీపు వేగం తగ్గించింది. వెనక కొండలాంటి పడవ. దాని తోపుడు వీపుకు తగులుతుందని అతను పళ్ళు బిగించాడు. వెనక చిన్నగా 'టక్' మని చప్పుడైంది. ట్రైలర్ బుద్ధిగా తనంతట తనే ఆగుతూ వచ్చింది.

"పట్టుకుందే," అన్నాడు.

"పట్టుకుంది నాన్నా."

మలుపు తిరగగానే కింద నీళ్ళు కనబడ్డాయి. బంగారు రంగులో, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా. ఇన్నేళ్ళలో ఈ మలుపు దగ్గర రోడ్డును తప్ప మరొకదాన్ని అతను చూసిందే లేదు. "బాగుందే," అన్నాడు. సీటుకు తల ఆనించాడు.

రేవులో కూతురు ట్రైలర్‌ను వెనక్కి నడిపి, ఒక్క ప్రయత్నంలోనే పడవను నీళ్ళలోకి వదిలింది. పడవ యజమాని జీపులోకి తొంగిచూశాడు.

"మీ నాన్న నిద్రపోతున్నాడే. వాలు మీదే కునుకు పట్టేసిందా?"

"అవునండీ," అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఎక్కడలేని గర్వం. తను నడుపుతుంటే నాన్న నిద్రపోయాడు. లేపడం ఇష్టంలేక పైపు తనే లాక్కొచ్చి, రెండు చక్రాలకూ లోపలిదాకా మంచినీళ్ళు పట్టింది. చేతులు తుడుచుకుని వచ్చి, "నాన్నా, ఇంటికెళ్దాం," అంది. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు.

రేవులో ఉన్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. నలుగురూ కలిసి అతన్ని నెమ్మదిగా దించారు. బాధపడి ఉండడని, మలుపు దాటిన కాసేపటికే పోయి ఉంటాడని డాక్టరు చెప్పాడు. ఆ ముఖం చూసినవాళ్ళందరికీ అలాగే అనిపించింది.

మర్నాడు బామ్మర్ది జీపును ఇంటికి తెచ్చి పెట్టాడు. కూతురు పక్కసీటు వైపు తలుపు తీసింది. కింద రబ్బరు చాప మీద అతని కుడి చెప్పు ఒక్కటే ఉంది, కాలు నేలను నొక్కడం మానేసి వెనక్కి వచ్చినప్పుడు జారిపోయినట్టు, మడమ సీటు వైపుకీ వేళ్ళు రోడ్డు వైపుకీ.